యంగ్ అడల్ట్ అంటే 'అడల్ట్' కాదు బావా: ఏడో క్లాసు పిల్లలకి ఏ మిస్టరీ నవల తగినట్టు?

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది మొన్నొక రాత్రి వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పంపాడు, వాళ్ళ అమ్మాయికి స్కూల్లో ఇచ్చారంట, "మిడిల్ స్కూల్‌కి తగిన యంగ్ అడల్ట్ మిస్టరీ నవల ఒకటి ఎంచుకుని చదివి రిపోర్ట్ రాయాలి" అని ఉంది దాంట్లో. వెనకాలే ఫోన్. "ఏంటి బావా ఇది, పన్నెండేళ్ళ పిల్లని అడల్ట్ నవల చదవమంటారా, అదీ మర్డర్లు ఉండేది?"

నవ్వొచ్చింది గానీ వాడి భయంలో తప్పేం లేదు. మన చెవికి అడల్ట్ అంటే సినిమా పోస్టర్ మీద గుండ్రంలో ఉండే ఎ గుర్తే. పైగా ఆ ఒక్క వాక్యంలో మూడు వేరు వేరు లెక్కలు కలిసిపోయి ఉన్నాయి, మిడిల్ స్కూల్ అనేది బడి లెక్క, యంగ్ అడల్ట్ అనేది లైబ్రరీ వాళ్ళదీ పబ్లిషర్లదీ, 'తగిన' అనేది మాత్రం ఇంట్లో అమ్మా నాన్నల లెక్క. ఈ మూడూ ఒకటే అనుకోవడంతోనే గొడవంతా మొదలవుతుంది.

పేర్ల తికమక ముందు తేల్చుకుందాం

మిడిల్ స్కూల్ అంటే అమెరికాలో చాలా చోట్ల ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు, అంటే పదకొండు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలు. మన 2020 జాతీయ విద్యా విధానంలో 5+3+3+4 అని చెప్పారు కదా, అందులో రెండో 3 సరిగ్గా ఇదే. మన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా ఒకటే గేటు, ఒకటే గంట కాబట్టి మధ్యలో ఈ మూడేళ్ళకి విడిగా ఒక పేరు పెట్టి పిలవడం మనకి అలవాటు లేదు.

యంగ్ అడల్ట్, పొట్టిగా వైఏ అంటారు, అంటే టీనేజర్లు. అమెరికా లైబ్రరీ సంఘంలో ఈ వయసు పిల్లల కోసమే 1957 నుంచి ఒక విభాగం ఉంది, వాళ్ళ లెక్కలో పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా వైఏ. 'పెద్దవాళ్ళు కాబోతున్న పిల్లలు' అని అర్థం చేసుకుంటే సరిపోతుంది, 'పెద్దలకు మాత్రమే' అని కాదు.

అసలు తిరకాసు మూడో పేరుతో. మిడిల్ గ్రేడ్ అని ఇంకోటుంది. వింటే మిడిల్ స్కూల్‌కి తమ్ముడిలా ఉంటుంది కానీ కాదు, ఇది పబ్లిషర్ల మాట, సుమారు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల పుస్తకాలకి వాడతారు. ఇప్పుడు లెక్క చూడండి, మూడో క్లాసు పిల్లాడు మిడిల్ గ్రేడ్ చదువుతాడు కానీ మిడిల్ స్కూల్లో ఉండడు, ఎనిమిదో క్లాసు పిల్ల మిడిల్ స్కూల్లో ఉంటుంది కానీ మిడిల్ గ్రేడ్ దాటేసింది. మా మేనకోడలిది పన్నెండు, అంటే సరిగ్గా అతుకు దగ్గర నిలబడింది, ఇటు అరకి పెద్దది, అటు అరకి చిన్నది.

ఈ అతుకు అవార్డుల్లో కూడా కనిపిస్తుంది. మిస్టరీ రచనలకి అమెరికాలో ఇచ్చే ఎడ్గర్ అవార్డుల్లో పిల్లల విభాగం 1961 నుంచి ఉంది, వైఏకి విడిగా 1989లో మొదలుపెట్టారు. అక్కడే పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ వాళ్ళేమో పధ్నాలుగేళ్ళ దాకా పిల్లలనే అంటారు. అంటే పన్నెండు నుంచి పధ్నాలుగు దాకా ఒకరి లెక్కలో 'పిల్లలు', ఇంకొకరి లెక్కలో 'యంగ్ అడల్ట్', ఇద్దరిదీ కరెక్టే.

మరి ఎవరు నిర్ణయిస్తారు?

సినిమాకైతే సెన్సార్ బోర్డు ఉంది. మన దగ్గర 2024 నుంచి యూఏని కూడా 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు కాబట్టి టికెట్ కొనేటప్పుడే కొంచెం తెలిసిపోతుంది. పుస్తకాలకి అలాంటి బోర్డు ఇక్కడా లేదు అక్కడా లేదు. అట్ట వెనక '12 ఏళ్ళు దాటినవారికి' అని ఉంటే అది పబ్లిషర్ వేసుకున్న అంచనా, ఎక్కువగా కథానాయకుడి వయసుని బట్టి వేస్తారు, ఎందుకంటే పిల్లలు తమకంటే ఒకటి రెండేళ్ళు పెద్దవాళ్ళ కథలే ఇష్టపడతారని ఆ వ్యాపారంలో ఒక గట్టి నమ్మకం. పదమూడేళ్ళ హీరోయిన్ అయితే మిడిల్ గ్రేడ్ అర, పదిహేడేళ్ళదైతే వైఏ అర. అది షాపులో ఎక్కడ పెట్టాలో చెప్పే గుర్తే తప్ప లోపల ఏముందో చెప్పే గుర్తు కాదు.

ఇంకో నంబర్ తల్లిదండ్రుల్ని బాగా తప్పుదోవ పట్టిస్తుంది, లెక్సైల్. చాలా అమెరికా స్కూళ్ళలో పిల్లల చదివే స్థాయిని దీంతోనే కొలుస్తారు, "మా వాడిది 900 దాటింది" అని పార్టీల్లో చెప్పుకోవడం కూడా ఉంటుందంట, మనవాళ్ళకి ర్యాంకు కనిపిస్తే వదలరు కదా. కానీ లెక్సైల్ కొలిచేది వాక్యం ఎంత పొడుగుంది, మాటలు ఎంత అరుదైనవి అని మాత్రమే, విషయం ఎంత బరువైందో దానికి పట్టదు. అందుకే బొమ్మల డైరీలా ఉండే వింపీ కిడ్ మొదటి పుస్తకానికి 950 వస్తే, కరువులో వలసపోయిన రైతుల గోస రాసిన స్టైన్‌బెక్ గ్రేప్స్ ఆఫ్ రాత్‌కి 680 వచ్చింది. నంబర్ చూసి పుస్తకం ఇచ్చేవాళ్ళకి ఈ ఒక్క పోలిక చాలు.

యాక్సిలరేటెడ్ రీడర్ అనే ఇంకో పద్ధతిలో కొంచెం నయం, వాళ్ళు భాష స్థాయి వేరే, ఆసక్తి స్థాయి వేరే ఇస్తారు. నాలుగు నుంచి ఎనిమిదో క్లాసు దాకా ఎంజీ (మిడిల్ గ్రేడ్స్), తొమ్మిది నుంచి పన్నెండో క్లాసు దాకా యూజీ (అప్పర్ గ్రేడ్స్), మధ్యలో ఎంజీ ప్లస్ అని ఆరో క్లాసు, ఆ పైవాళ్ళకి ఒకటి పెట్టారు. మా వాడికి వచ్చిన కాగితంలోని వాక్యాన్ని రెండక్షరాల్లో చెప్పాలంటే బహుశా ఈ ఎంజీ ప్లస్సే.

మిస్టరీ అంటే ఏంటి: భేతాళుడిని అడిగితే చెప్తాడు

మిస్టరీని థ్రిల్లర్‌తో కలిపేయకూడదు. థ్రిల్లర్లో ఇంకేం జరగబోతోందో అని గుండె కొట్టుకుంటుంది, మిస్టరీలో జరిగిపోయిందాన్ని వెనక్కి విప్పుకుంటూ వస్తాం. మన పాత పేరు, అపరాధ పరిశోధన, ఇంకా సరిగ్గా ఉంది, పరిశోధన అనే మాట అందులోనే ఉంది.

మిస్టరీకి అసలు ప్రాణం ఏంటంటే ఆధారాలన్నీ పాఠకుడి కళ్ళ ముందు పెట్టడం. 1920ల చివర్లో ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ రచయితలు దీనికి ఏకంగా రూల్స్ రాసుకున్నారు, డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి ఆధారం పాఠకుడికీ దొరకాలి, చివర్లో ఎక్కడినుంచో కొత్త మనిషిని తెచ్చి వీడే హంతకుడు అనకూడదు అని. ఇదేం మనకి కొత్త కాదు. చందమామలో భేతాళ కథ గుర్తు తెచ్చుకోండి, శవంలోని భేతాళుడు కథంతా చెప్పేసి, ఏదీ దాచకుండా, చివర్లో ప్రశ్న అడిగి "సమాధానం తెలిసీ చెప్పకపోయావో నీ తల పగిలిపోతుంది" అంటాడు. విక్రమార్కుడికి తెలిసిందెంతో చదివే పిల్లాడికీ అంతే తెలుసు. రాజు జవాబు చెప్పే లోపు మనం చెప్పగలమా అన్నదే ఆట. మర్యాద రామన్న తీర్పులు కూడా ఇదే బాపతు.

ఒక ముక్కుపుడక, మూడు నవలలు

మాటల్లో చెప్తే ఆనడం లేదు కాబట్టి ఒక చిన్న కథ నేనే అల్లుతాను. ఒక ఊళ్ళో జాతర రాత్రి అమ్మవారి ముక్కుపుడక పోయింది. పదీ ఇరవైకి కరెంట్ పోయి పదకొండుకి వచ్చింది, ఆ చీకట్లోనే పోయిందని అందరికీ తెలుసు. అనుమానం ముగ్గురి మీద, పూజారి గారి తమ్ముడు, లైటింగ్ సెట్ కుర్రాడు, ధర్మకర్త గారి మేనల్లుడు.

రెండో చాప్టర్లో ఒక జోక్ వస్తుంది, కరెంట్ పోగానే మైకు లేక హరిదాసు గారు సీతని అశోకవనంలోనే వదిలేసి టీ తాగడానికి వెళ్ళిపోయారని, కరెంట్ వచ్చేదాకా సీతమ్మ అక్కడే కూచుందని అమ్మమ్మ నవ్వుతుంది, మనమూ నవ్వేసి పేజీ తిప్పేస్తాం. ఏడో చాప్టర్లో మేనల్లుడు అంటాడు, "పదిన్నరకి నేను వాటర్ ట్యాంక్ దగ్గర ఉన్నా, గుడి మైకులో హరికథ వినబడుతూనే ఉంది." అంతే. మైకే లేనప్పుడు హరికథ ఎక్కడ విన్నాడు?

ఇదీ ఫెయిర్ ప్లే అంటే. ఆధారాన్ని దాచలేదు, జోక్ కింద పెట్టారు. లైటింగ్ కుర్రాడి జేబులో దొరికిన ఇత్తడి తీగ ముక్క ఉందనుకోండి, అది మనల్ని అటు పరిగెత్తించడానికి వేసిన ఎర, దాన్నే రెడ్ హెర్రింగ్ అంటారు. ఎర వెయ్యొచ్చు, అబద్ధం మాత్రం చెప్పకూడదు.

ఇప్పుడు ఇదే దొంగతనాన్ని మూడు అరల కోసం రాద్దాం. మిడిల్ గ్రేడ్ అయితే పన్నెండేళ్ళ పిల్ల, సెలవలకొచ్చిన పెదనాన్న కొడుకు కలిసి పట్టుకుంటారు, ప్రశ్న ఒకటే, ఎవరు తీశారు. తేలగానే లోకం మళ్ళీ సర్దుకుంటుంది, లైటింగ్ కుర్రాడికి క్షమాపణ చెప్తారు, పులిహోర తింటారు. వైఏలో ఆ పిల్లకి పదహారు, మేనల్లుడు ఆమె నమ్మిన స్నేహితుడు, అప్పులవాళ్ళు వెంటపడితే తీశాడు, ఇప్పుడు ప్రశ్న ఎవరు అన్నది కాదు, తెలిశాక నేను నోరు విప్పాలా వద్దా అన్నది. పెద్దల నవలలో ఎస్సైకి మొదటి రోజే దొంగ ఎవరో తెలుసు, ధర్మకర్త గారి ఫోన్ వచ్చాక కేసు ఎలా మాసిపోయిందన్నదే కథ, లైటింగ్ కుర్రాడు లాకప్‌లోనే ఉంటాడు.

దొంగతనం మారలేదు, నెత్తురు చుక్క కూడా ఎక్కడా కారలేదు, కానీ మూడో నవల పన్నెండేళ్ళ పిల్లకి ఇవ్వబుద్ధి కాదు కదా. దీన్నిబట్టి నేను అనుకునేదేంటంటే నేరం ఎంత పెద్దదన్నది వయసు తేల్చదు, ఆ నేరానికి పుస్తకం ఎంత దగ్గరగా కెమెరా పెట్టింది, చివర్లో పిల్లని ఎక్కడ వదిలిపెట్టింది అన్నవే తేలుస్తాయి.

పేర్లో మర్డర్ ఉన్న రెండు పుస్తకాలు

నిజం పుస్తకాల్లో చూద్దాం. రాబిన్ స్టీవెన్స్ రాసిన మర్డర్ మోస్ట్ అన్‌లేడీలైక్ 2014లో బ్రిటన్‌లో వచ్చింది. 1934లో ఒక ఆడపిల్లల హాస్టల్ స్కూలు, జిమ్‌లో సైన్స్ టీచర్ శవం, మళ్ళీ వెళ్ళి చూసేసరికి శవం మాయం, హాంకాంగ్ నుంచి వచ్చిన హేజెల్, ఆమె ఫ్రెండ్ డైసీ ఇద్దరూ పరిశోధన చేస్తారు. హత్య నిజంగా జరిగింది, అయినా ఇది మిడిల్ గ్రేడ్. ఎందుకంటే శవాన్ని చూపించి వెంటనే కెమెరా పక్కకి తిప్పేస్తారు, మిగతాదంతా బన్నులు తింటూ ఎవరు ఎక్కడున్నారని నోట్‌బుక్‌లో రాసుకోవడం, హేజెల్ భయం, స్నేహంలో అలకలు.

హాలీ జాక్సన్ 2019లో రాసిన ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్ ఇంకోటి. పేరు చూస్తే ఇదే సరదాగా ఉంది, అట్ట కూడా స్కూల్ ప్రాజెక్ట్‌లా ఉంటుంది, కథానాయిక పిప్ నిజంగానే స్కూల్ ప్రాజెక్ట్ కోసం ఐదేళ్ళ నాటి ఒక కేసు తవ్వుతుంది. కానీ లోపల మత్తుమందుల అమ్మకం, ఆడపిల్లల మీద అఘాయిత్యం, ఊరంతా కలిసి ఒక కుటుంబం మీద వేసిన మచ్చ. చాలా మంచి పుస్తకం, చాలా గట్టి మిస్టరీ, నా లెక్కలో హైస్కూల్‌కి. ఆరో క్లాసు పిల్లలు కూడా దీన్ని చదివేస్తున్నారంటే కారణం అట్ట, ఫ్రెండ్స్, ఓటీటీ సీరీస్.

రెండింటి పేర్లలోనూ మర్డర్ ఉంది, రెండింటిలోనూ హత్య ఉంది. మా బావమరిది వాడిన జల్లెడలో రెండూ పైనే మిగిలిపోతాయి, అమెజాన్ స్టార్ల జల్లెడలో రెండూ కిందకి జారిపోతాయి.

చివరికి మేం ఎంచుకున్నది

ఎలెన్ రాస్కిన్ రాసిన ది వెస్టింగ్ గేమ్, 1978లో వచ్చింది, 1979లో న్యూబెరీ మెడల్. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ కాగితంలో అడిగిన ప్రతి మాటకీ ఇది సరిపోతుంది.

మిషిగన్ సరస్సు ఒడ్డున సన్‌సెట్ టవర్స్ అనే అపార్ట్‌మెంట్. పేరు సూర్యాస్తమయం, బిల్డింగ్ ముఖం తూర్పుకి, పైగా టవర్లే లేవు. వాస్తు మాట అటుంచితే, పేరుని నమ్మకండి అని మొదటి పేజీలోనే చెప్పేసిందన్నమాట ఆవిడ, మనమేమో దాన్ని చమత్కారం అనుకుని దాటేస్తాం, హరిదాసు గారి టీ లాగే. శామ్ వెస్టింగ్ అనే కాగితం వ్యాపారి చనిపోతాడు, 16 మంది వారసుల్ని పిలిచి వీలునామా చదువుతారు, మీలో ఒకరు నా ప్రాణం తీశారు, ఎవరో కనిపెట్టండి అని. వాళ్ళని 8 జంటలు చేసి జంటకి 10,000 డాలర్లు, ఒక కవరు ఇస్తారు, కవర్లో పేపర్ టవల్ ముక్కల మీద రాసిన కొన్ని మాటలు. ఏ జంట మాటలు ఆ జంటకే. గెలిస్తే 20 కోట్ల డాలర్ల ఆస్తి.

పదమూడేళ్ళ టర్టిల్ ఇందులో అందరికంటే గడుసుది, జడ ముట్టుకుంటే మోకాలి కింద తన్నుతుంది, షేర్ మార్కెట్ చూస్తుంది. వాళ్ళమ్మకేమో పెద్దకూతురంటేనే ప్రాణం, కాబోయే డాక్టర్ అల్లుడి గురించి చెప్పుకోవడంతోనే ఆవిడకి పొద్దుపోతుంది, ఈ భాగం చదివినప్పుడు ఇది విస్కాన్సిన్ కథా విజయవాడ కథా అని నాకు అనుమానం వచ్చింది. కొడుకు దగ్గరికో భర్త దగ్గరికో వచ్చి ఇంగ్లీషు రాక కిటికీ దగ్గర కూచునే మన పెద్దవాళ్ళని చూసినవాళ్ళకి ఇందులోని మేడమ్ హూ ఇంకా బాగా అర్థమవుతుంది.

పుస్తకంలో చావు ఉంది, బాంబులు పేలతాయి, ఒకమ్మాయికి దెబ్బ తగులుతుంది, జాతి గురించిన మాటలూ వస్తాయి. అయినా కెమెరా ఎప్పుడూ గాయం మీద నిలబడదు, ఆ మనిషి ఎందుకలా చేసిందన్న దాని మీద నిలబడుతుంది. నిజమైన ఇబ్బంది వేరే ఉంది, 16 పేర్లు. మొదటి యాభై పేజీల్లో పెద్దవాళ్ళే తప్పిపోతారు. మా మేనకోడలు ఫ్రిజ్ మీద చార్టు అంటించుకుంది, ఎవరి జంట ఎవరు, ఎవరికి ఏ మాటలు అని. రాస్కిన్ ముందు బొమ్మలు వేసే మనిషి, వెయ్యికి పైగా పుస్తకాలకి అట్టలు చేసింది, ఆ చేతివాటం కథ అల్లికలో కూడా తెలుస్తుంది.

'తగినది' మీద రెండు వైపుల వాదన

ఒక వైపు వాళ్ళు చెప్పేదేంటంటే పిల్లలు ఒకసారి చదివింది మళ్ళీ చదవనట్టు చెయ్యలేం, సినిమాకి ఉన్న గుర్తు పుస్తకానికి ఎందుకుండకూడదు, పిల్లల గురించి తెలిసేది తల్లిదండ్రులకి. ఇందులో న్యాయముంది. ఇంకో వైపు లైబ్రేరియన్లు, రచయితలు, కష్టం చూసిన పిల్లలు కూడా ఆ క్లాసులోనే ఉంటారు, వాళ్ళ కథ అరలో లేకపోతే వాళ్ళు ఒంటరి అయిపోతారు, ఒక ఇంటివాళ్ళు వద్దనుకుంటే ఆ ఇంట్లో వద్దనొచ్చు, ఊరందరికీ తీసేస్తే ఎలా అంటారు. ఇదీ కాదనలేం.

మా వాడుండే టెక్సాస్‌లోనే ఇది కోర్టుకెక్కింది. 2023లో హెచ్‌బీ 900 అని చట్టం చేశారు, స్కూళ్ళకి పుస్తకాలమ్మే షాపుల వాళ్ళే ప్రతి పుస్తకానికీ లైంగిక విషయాల మీద రేటింగ్ ఇవ్వాలని. షాపులవాళ్ళు కేసు వేశారు, 2024 జనవరిలో అప్పీల్ కోర్టు కూడా ఆ రేటింగ్ భాగాన్ని ఆపడం సరైనదే అంది. అంటే అరలో ఉన్న పుస్తకానికి సినిమా లాంటి ముద్ర ఇప్పటికీ లేదు.

పాతవైతే సేఫ్ కదా అని మా వాడు అడిగాడు, నాన్సీ డ్రూ అనే అమ్మాయి డిటెక్టివ్ కథలు ఇప్పిస్తానని. 1930లో మొదలైన ఆ సీరీస్‌లో హత్యలు దాదాపు ఉండవు నిజమే, కానీ నల్లవాళ్ళ గురించీ వలస వచ్చినవాళ్ళ గురించీ అప్పటి రాతలు ఎంత ఎబ్బెట్టుగా ఉన్నాయంటే 1959 నుంచి ఆ పుస్తకాల్ని తిరగరాయాల్సి వచ్చింది. ఆ పనిలోనే నాన్సీ వయసుని కూడా పదహారు నుంచి పద్దెనిమిదికి పెంచారు. నెత్తురు లేనంత మాత్రాన పిల్లల చెవిన పడేవన్నీ మంచి మాటలే అని లేదు.

తెలుగు అరలో ఆ మధ్య మెట్టు

మాకు ఈ ప్రశ్నే రాలేదు, ఎందుకంటే మధ్య మెట్టే లేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి పాతాళదుర్గాలూ శిథిలాలయాలూ చదివి, ఒక వేసవిలో అద్దె పుస్తకాల షాపుకెళ్ళి ఒక్క గెంతులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ దగ్గరికీ, అక్కణ్ణుంచి మధుబాబు గారి షాడో దగ్గరికీ వెళ్ళిపోయాం, సోషల్ టెక్స్ట్‌బుక్ లోపల పెట్టుకుని. చెడిపోయామా అంటే లేదు, కానీ అవి మా కోసం రాసినవి కావు. పక్క బెంగాలీలో సత్యజిత్ రాయ్ 1965లో సందేశ్ అనే పిల్లల పత్రికలో ఫెలూదా అనే డిటెక్టివ్ కథలు మొదలుపెట్టి, కథ చెప్పే పనిని అతని టీనేజ్ తమ్ముడికి అప్పగించారు. హత్యలుంటాయి, కానీ చెప్పేది పిల్లాడి కళ్ళు. మనకి రచయితలకి కొదవ లేదు, ఆ అర ఎవరూ కట్టలేదంతే.

రిపోర్ట్ ఇచ్చేశాక మా మేనకోడలు ఫోన్ చేసి "మావయ్యా, తెలుగులో ఇలాంటిది ఒకటి పంపవా, అమ్మ చదివి చెప్తుంది" అంది. బైండింగ్ చేయించిన చందమామల్లోంచి ఒక భేతాళ కథ తీసి, ప్రశ్న దాకా ఫొటోలు కొట్టి పంపాను. జవాబు పేజీ పంపలేదు. నాలుగు రోజులైంది, వాళ్ళ తెల్లవారుజామున ఒక జవాబు వస్తోంది, నిన్నటిది దాదాపు దగ్గరికొచ్చింది. వాళ్ళ నాన్న మాత్రం ఆ మిగతా పేజీ తనకి విడిగా పంపమంటున్నాడు.